కొనకుండుట ధర్మమేనా?

డిసెంబరు మాసము సమీపించుటతోనే మన సంఘములలో క్రొత్త బట్టల మాట మొదలగును. పత్తి అమ్మిన డబ్బు చేతిలో నుండగనే డోర్నకల్‌లో రైలెక్కి ఖమ్మమునకో వరంగల్లుకో పోయి, పెద్ద బట్టల దుకాణములలో పిల్లలకు కావలసినవి కొని తెచ్చుకొందుము. ఇందులో దోషమేమియు లేదు. అయితే అక్కడ చీర వెంట చీర విప్పి చూపి, మనము నచ్చలేదని లేచి వెళ్లిన తరువాత వాటినన్నిటిని మరల మడతపెట్టు ఆడబిడ్డ ఎవరు? అనేక పర్యాయములు ఆమె మనవంటి ఊరి నుండియే వెళ్లిన బిడ్డ. పండుగకు ముందు రాత్రి మనము పాటలు పాడుచు ఇంటింటికి తిరుగుచుండగా ఆమె ఆ దుకాణములో ఇంకను నిలువబడియే యుండును. 1988 నాటి దుకాణముల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పనికి హద్దు పెట్టినది. పండుగ రద్దీలో ఆ హద్దు ఎంతవరకు నిలుచునో ఆ బిడ్డల తల్లుల నడిగిన చెప్పుదురు.

అట్టి పనివారు సంఘముగా కూడి, తమకు న్యాయము జరుగువరకు ఫలాని దుకాణములో కొనవద్దని మనలను వేడుకొనినయెడల, విశ్వాసి ఏమి చేయవలెను? (మన భాషలో ఆరాధనకు కూడిన వారిని, కూలి కొరకు కూడిన వారిని ఒకే మాటతో సంఘమని పిలుచుచున్నాము. ఇది నాకు ఎంతో నచ్చిన సంగతి.)

ఈ ప్రశ్న వినగానే మనవారిలో అనేకులు జంకుదురు. వారు జంకుటకు కారణము గలదు. బహిష్కారమనగానే మన పల్లెలకు జ్ఞాపకము వచ్చునది వెలి. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కరుగారి విగ్రహము విషయమై తగవు పుట్టినప్పుడు, పెద్ద కులముల వారు దళితులకు పొలముపని లేకుండ చేసిరి. అట్టి వెలి నేరమని 2015లో సవరించిన అత్యాచారముల నిరోధక చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఇట్టి దెబ్బ తిన్నవారు మరియొకరి కొట్టుకు పోకుండ నుండుట ధర్మమా అని సందేహించుట సహజమే. ఆ సందేహమును నేను తేలికగా తీసివేయను.

అయితే రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడి. వెలిలో బలవంతుడు బలహీనుని నోటి దగ్గర అన్నము లాగుకొనును. లాగుకొనినవానికి నష్టము లేదు. రెండవదానిలో కొనువాడు తన ఇష్టమును, తన సౌకర్యమును మానుకొనును. యజమాని సంఘముతో కూర్చుండి మాటలాడిన దినముననే అది ముగియును. వెలి మనిషిని ఊరి వెలుపలికి త్రోయుటకు వేసినది. ఇది యజమానిని పనివారి యెదుటికి పిలుచుటకు చేసినది.

మరియు పరిశుద్ధ పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయమును తీసి చదువుడి. అంగడిలో అమ్మబడు మాంసమును గూర్చి ఆరా తీయక తినవచ్చునని ఆయన సెలవిచ్చెను. ప్రతి కొట్టును శోధించి తిరుగు భారము మన మీద లేదన్నమాట. కాని ఎవడైనను అది విగ్రహమునకు అర్పింపబడినదని తెలిపినయెడల, తెలిపిన వాని నిమిత్తము మానుమని వెంటనే చెప్పెను. మన నోటి శుద్ధి కొరకు కాదు, చెప్పిన మనిషి నిమిత్తము. నా మట్టుకు ఈ ప్రశ్న అంతయు ఇక్కడనే తేలుచున్నదని తోచుచున్నది. అడిగినవాడు ఎవడు? పనివారే అడిగిరా, లేక వారి పేరు చెప్పి ప్రక్క దుకాణదారు అడిగెనా? బాధపడువారే నోరు తెరచి వేడుకొనిన తరువాత, నాకు తెలియదనుటకు వీలులేదు.

ఐర్లండు దేశమందు డబ్లిను పట్టణములో 1984 జూలైలో మేరీ మానింగ్ అను 21 సంవత్సరముల యువతి డన్స్ స్టోర్స్ అను దుకాణములో డబ్బు వసూలుచేయు పనిలో నుండెను. దక్షిణాఫ్రికాలో నల్లవారిపై వర్ణవివక్ష సాగుచున్న దినములవి. ఆ దేశపు సరుకును ముట్టరాదని ఆమె కార్మిక సంఘము తీర్మానించెను. ఆమె ఆ దేశపు పండ్లను అమ్మనని చెప్పగా, యజమానులు ఆమెను పనినుండి నిలిపివేసిరి. ఆమెయు తోడివారును దుకాణము ముందర నిలిచి, లోనికి పోవద్దని కొనువారిని వేడుకొనిరి. చాలమంది వినక లోనికి పోయిరి, కొందరు తిట్టిరి. ఆ డిసెంబరులో నోబెలు శాంతి బహుమతి అందుకొనుటకు పోవుచున్న ఆంగ్లికన్ బిషప్పు డెస్మండ్ టూటూగారు లండనులో ఆగి వారిని కలిసికొనిరి. సమ్మె ఇంచుమించు మూడు సంవత్సరములు సాగెను. 1987లో ఐర్లండు ప్రభుత్వము దక్షిణాఫ్రికా పండ్ల, కూరగాయల దిగుమతిని నిషేధించెను.

కొనువారు మానుకొనిన పనివాని కూలికే మోసము రాదా అని మీరడుగవచ్చును. వచ్చును. 1931లో గాంధీగారు ఇంగ్లండుకు పోయినప్పుడు, మన విదేశీ వస్త్ర బహిష్కారము వలన దెబ్బతిన్న లంకాషైరు మిల్లు పనివారి మధ్యకు తానే వెళ్లి, వారి కష్టము విని, మన దేశపు దారిద్ర్యమును వారికి చెప్పెను. వారాయనను ఆదరముతో చేర్చుకొనిరి. అయినను వారు ఆ బహిష్కారమును కోరిన వారు కారు. వారి బాధ బాధయే. అందుచేతనే, కొనకుండుట వలన ఎవరి పని పోవునో వారి సమ్మతి ముందుగా కావలెనని నేననుచున్నాను. వారే అడిగినప్పుడు నష్టమును లెక్కవేసికొనియే అడుగుచున్నారు. వారికంటె మనము ఎక్కువ భయపడనక్కర లేదు.

వారడుగునది తరచుగా ఎంత చిన్నదో! కేరళలో దుకాణపు స్త్రీలు సంఘముగా కూడి సంవత్సరముల తరబడి కోరినవానిలో ఒకటి, పనిమధ్య కూర్చుండుటకు ఒక పీట. 2018లో అక్కడి ప్రభుత్వము దానికై చట్టమును సవరించెను; 2021లో తమిళనాడు కూడ అట్లే చేసెను.

మానుకొనుట మనకు క్రొత్త విద్య కాదు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి కాలమందు మన తల్లులు ఎసట్లో పోయు బియ్యములోనుండి పిడికెడు తీసి దేవుని పనికి వేరుగా పెట్టిరి. ఆ పిడికెడు ఎవరును బలవంతముగా తీసికొన్నది కాదు. ఒక పండుగకు మరియొక కొట్టులో, కొంచెము ఎక్కువ ధరకు, తక్కువ రంగుల బట్ట కొనుట దానికంటె కష్టమా?

ఈ సంవత్సరము దుకాణమునకు పోయినప్పుడు, చీరలు విప్పు ఆ బిడ్డను ఏ ఊరమ్మా అని అడుగుడి. సెలవు దొరకునా, కూర్చుండుటకు తావున్నదా, సంఘమున్నదా అను సంగతులు మాత్రము గల్లాపెట్టె దగ్గర నున్నవారు వినునట్లు అడుగకుడి. ఆమె ఊరి పేరు తెలిసినయెడల, ఆమె తల్లిని ఆ ఊరి ఆరాధనలో కలిసికొని అడుగవచ్చును.