బందీ అయిన సైనికుడు, రాజ్యం చెల్లించే మూల్యం

అరణ్యపర్వంలోని ఘోషయాత్ర ఘట్టాన్ని సాధారణంగా ధర్మరాజు క్షమాగుణానికి ఉదాహరణగా చెబుతారు. నన్నయ విడిచిన చోటి నుండి ఎఱ్ఱన పూరించిన భాగంలోనిది ఈ కథ. అడవిలో కష్టాలు పడుతున్న పాండవులకు తన వైభవం చూపి కించపరచాలని, ఆలమందల నెపంతో ద్వైతవనానికి వెళ్లిన దుర్యోధనుడు గంధర్వరాజు చిత్రసేనునికి చిక్కుతాడు. అంతఃపుర స్త్రీలు కూడా పట్టుబడతారు. కర్ణుడు రథం పోగొట్టుకొని రణభూమి విడిచి వెళ్తాడు. శరణు కోరి వచ్చిన కౌరవ పరివారాన్ని చూసి, మనం చేయవలసిన పనిని గంధర్వులే చేసిపెట్టారని భీముడు సంతోషిస్తాడు. ధర్మరాజు అతణ్ణి వారించి తమ్ములను పంపుతాడు.

క్షమ అనే మాటతో ఈ ఘట్టాన్ని ముగిస్తే అందులోని రాజనీతి ప్రశ్న మరుగున పడుతుంది. తనవాడు పరుల చేతిలో బందీ అయినప్పుడు సమాజం అతనికి ఏమి బాకీ పడుతుంది? ఆ బాకీ తీర్చడానికి ఏమి చెల్లించవచ్చు, ఏమి చెల్లించకూడదు? ధర్మరాజు బందీ యోగ్యతను తూచలేదు. తూచి ఉంటే భీముని వాదమే నెగ్గేది. ఆపదను కోరి తెచ్చుకున్నది దుర్యోధనుడే. అర్జునుడు ముందు సామవాక్యాలతో విడుదల అడిగి, అది తిరస్కృతమైన తరువాతే విల్లెత్తుతాడు. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు.

సంస్కృత మూలంలో ఇంకొక విశేషముంది. విడుదలైన దుర్యోధనుడు సిగ్గుతో ప్రాయోపవేశానికి సిద్ధపడినప్పుడు కర్ణుడు ఒక వాదం వినిపిస్తాడు. యుద్ధంలో ప్రధాన వీరులు శత్రువులకు పట్టుబడటం, స్వసైనికులు వారిని విడిపించడం లోకంలో ఉన్నదేనని, పాండవులు నీ రాజ్యంలో నివసించేవారు గనుక తమ విధిని నిర్వర్తించారని దాని సారం. పారిపోయినవాని నోట వచ్చిన ఆత్మసమర్థన అని దీన్ని కొట్టివేయవచ్చు. అయినా బందీ విడుదలను దయగా గాక విధిగా నిర్వచించిన మాట ఇది. ధర్మరాజు చేతను, కర్ణుని మాటను కలిపి చదివితే, పంపిన రాజ్యానికీ పట్టుబడిన సైనికునికీ మధ్య ఉన్నది ఋణసంబంధమని తేలుతుంది. ఆజ్ఞాపించి పంపినవారు ఆ ఆజ్ఞ ఫలితానికి బాధ్యులు.

ఋణమే లేదన్న రాజ్యాలూ ఉన్నాయి. 1941 ఆగస్టు 16న స్టాలిన్ జారీచేసిన 270వ నంబరు ఆజ్ఞ లొంగిపోయిన సైనికాధికారులను ద్రోహబుద్ధితో పారిపోయినవారిగా ప్రకటించి, వారి కుటుంబాలను అరెస్టు చేయమంది. ఇక్కడ బందీయే దోషి. దీనితో వాదించవలసినది పెద్దగా లేదు. అసలు చిక్కు ఋణాన్ని ఒప్పుకున్న తరువాతే మొదలవుతుంది.

అప్పు ఎంత పెద్దదైనా దాన్ని తన సొమ్ముతోనే తీర్చాలి. పొరుగువాని సొమ్ముతో తీర్చినది తీర్చినట్టు కాదు. ఈ సామాన్య లోకన్యాయాన్ని రాజ్యాలకు అన్వయిస్తే ఒక విభజన కనిపిస్తుంది. రాజ్యం తన ప్రతిష్ఠను ఖర్చుపెట్టి సైనికుణ్ణి విడిపించుకోవచ్చు. ప్రతిష్ఠ దాని సొంత ధనం. ఇతరుల ప్రాణభద్రతను, ఇతరులకు దక్కవలసిన న్యాయాన్ని ఖర్చుపెట్టినప్పుడు మాత్రం ప్రశ్న మారిపోతుంది. ఆచరణలో ప్రభుత్వాలు తరచూ దీనికి విరుద్ధంగా నడుస్తాయి. ప్రతిష్ఠను పిసినారితనంతో కాపాడుకుంటూ, పరుల సొమ్మును ధారాళంగా వెచ్చిస్తాయి.

1968 జనవరి 23న ఉత్తర కొరియా తన తూర్పు తీరాన వోన్సాన్ సమీపంలో అమెరికా గూఢచారి నౌక ప్యూబ్లోను పట్టుకుంది. ఒక నావికుడు దాడిలో మరణించగా మిగిలిన 82 మంది బందీలయ్యారు. నౌక అంతర్జాతీయ జలాల్లో ఉందని అమెరికా వాదన, తమ జలాల్లో చొరబడిందని ఉత్తర కొరియా వాదన. ఒప్పుకోలు పత్రంపై సంతకం చేయకపోతే సిబ్బందిని ఒక్కొక్కరినీ కళ్లముందే కాల్చివేస్తామని బెదిరించడంతో నౌకాధిపతి లాయిడ్ బూకర్ సంతకం చేశాడు. పన్‌మున్‌జోమ్‌లో పదకొండు నెలలు చర్చలు సాగాయి. తప్పు ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, మళ్లీ చేయబోమని హామీ ఇవ్వాలన్న కోరిక దగ్గరే అవి నిలిచిపోయాయి. చివరకు డిసెంబరు 23న మేజర్ జనరల్ గిల్బర్ట్ ఉడ్‌వర్డ్ ఆ పత్రంపై సంతకం చేశాడు. అయితే సంతకానికి ముందే, ఇందులోని విషయం వాస్తవానికి విరుద్ధమని, సిబ్బందిని విడిపించడానికి మాత్రమే సంతకం చేస్తున్నానని బహిరంగంగా చదివి వినిపించాడు. ఉత్తర కొరియా దానికి ముందే సమ్మతించింది. అదే రోజు 82 మందీ వంతెన దాటి వచ్చారు.

అబద్ధమని ప్రకటించి మరీ అబద్ధంపై సంతకం చేయడం అలంకారశాస్త్రానికి కూడా అందని వింత. దీన్ని దేశానికి జరిగిన అవమానంగా చూసినవారున్నారు. కానీ ఆ కాగితం మూల్యమేమిటి? ఏ మూడో వ్యక్తి ప్రాణమూ అందులో తాకట్టు పడలేదు, ఎవరి హక్కూ పోలేదు. పోయినది అమెరికా గర్వంలో కొంత భాగం. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి. డిసెంబరులో చెల్లించగలిగిన ఆ కాస్త గర్వాన్ని అంతకుముందే చెల్లించి ఉండకూడదా? బందీలు దెబ్బలు తిన్న నెలలన్నీ రాజ్యం తన సొంత ధనాన్ని దాచుకున్న నెలలే.

2001 ఏప్రిల్ 1న చైనాలోని హైనాన్ దీవి సమీపాన ఢీకొన్న విమానాల ఉదంతంలో ఈ చెల్లింపు పదకొండు రోజుల్లో ముగిసింది. చైనా వైమానికుడు వాంగ్ వెయ్ మరణించాడు. దెబ్బతిన్న అమెరికా నిఘా విమానం అనుమతి లేకుండానే దీవిలో దిగింది. దానిలోని 24 మంది నిర్బంధితులయ్యారు. అమెరికా ఇచ్చిన లేఖలో ‘చాలా విచారిస్తున్నాం’ అనే అర్థమిచ్చే మాట రెండు చోట్ల ఉంది: ఒకటి మరణించినవాని కుటుంబాన్ని, చైనా ప్రజలను ఉద్దేశించి, రెండవది అనుమతి లేకుండా దిగినందుకు. నిఘా నెరపినందుకు క్షమాపణ మాత్రం అందులో లేదు. చైనా పక్షం దాన్ని తమ భాషలో క్షమాపణకు దగ్గరైన పదంతో ప్రకటించుకుంది. విచారానికీ క్షమాపణకూ మధ్యనున్న ఆ సన్నని ఎడమే ఇరుపక్షాలకూ చోటిచ్చింది. అర్థవిపరిణామాన్ని పుస్తకాల్లో మాత్రమే చూసే భాషా పరిశోధకులు దౌత్యపత్రాలను కూడా చదవవలసిన అవసరం ఇలాంటి చోట తెలుస్తుంది.

గిలాద్ షాలిత్ ఉదంతం ఇంత తేలిక కాదు. 2006 జూన్ 25న గాజా సరిహద్దులో పట్టుబడిన ఈ ఇజ్రాయెల్ సైనికుని కోసం 2011 అక్టోబరులో 1,027 మంది ఖైదీలను విడిచిపెట్టడానికి ఒప్పందం కుదిరింది. పాలస్తీనా సమాజం దృష్టిలో వీరూ తిరిగి రావలసిన బందీలే. అయితే వీరిలో ప్రాణాంతక దాడుల కేసుల్లో శిక్షపడినవారు చాలామంది ఉన్నారు. ఆ ఒప్పందంలో బయటికొచ్చిన యాహ్యా సిన్వర్ తరువాత గాజాలో హమాస్ నాయకుడై, 2023 అక్టోబరు 7 దాడికి ప్రధాన సూత్రధారి అయ్యాడు. బందీల విడుదలను మహాపుణ్యంగా భావించే యూదు సంప్రదాయమే, వారిని విలువకు మించిన మూల్యమిచ్చి విడిపించకూడదని మిష్నాలో విధించింది. లోకక్షేమాన్ని దానికి కారణంగా చూపింది. తరువాతి పట్టివేతలకు అది ప్రోత్సాహమవుతుందన్నది వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాలలో ఒకటి. ఇక్కడ చెల్లించినది రాజ్యం సొంత ధనం కాదు, రేపటి పౌరుల భద్రత. అలాగని 2011లో విడుదల చేయకుండా ఉండవలసిందని 2023 నుండి వెనక్కి చూసి తీర్పు చెప్పడం కూడా న్యాయం కాదు. ఆనాడు ఒక యువకుని ప్రాణం నిశ్చితం, రేపటి ముప్పు అనిశ్చితం. అయినా ఆ ముప్పును మోయవలసినవారి పేరు ఒప్పందంలో లేదన్న సంగతి మిగిలే ఉంటుంది.

ఇక సైనికుడే ఇతరులకు హాని చేశాడన్న ఆరోపణపై నిర్బంధంలో ఉంటే? 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఆవల ఇటలీ చమురునౌక ఎన్రికా లెక్సీపై కాపలా ఉన్న ఇద్దరు నావికాదళ సైనికులు, సముద్రపు దొంగలనుకొని జరిపినట్టు చెప్పిన కాల్పుల్లో ఇద్దరు మత్స్యకారులు మరణించారు. సైనికులు భారతదేశంలో అరెస్టయ్యారు. 2013లో ఎన్నికల్లో ఓటు వేయడానికి వారిని ఇటలీ వెళ్లనిచ్చింది సుప్రీంకోర్టు. వారు తిరిగివస్తారని ఇటలీ రాయబారి హామీపత్రమిచ్చాడు. మార్చి 11న ఇటలీ వారిని పంపబోమంది. రాయబారి దేశం విడిచి వెళ్లకూడదని సుప్రీంకోర్టు ఆదేశించింది. మార్చి 22న సైనికులు తిరిగివచ్చారు. దానికి నిరసనగా ఇటలీ విదేశాంగ మంత్రి జూలియో తెర్జీ రాజీనామా చేశాడు.

రోము చరిత్రలో రెగ్యులస్ కథ తెలిసినవారికి ఈ ఉదంతం వింతగా తోస్తుంది. కార్తేజీయుల చేతిలో బందీ అయిన ఆ సేనాని ఖైదీల మార్పిడి మాట్లాడటానికి రోముకు వచ్చి, మార్పిడి వద్దని సభలో వాదించి, ఇచ్చిన మాటకోసం శత్రువుల దగ్గరికే తిరిగి వెళ్లాడని సిసెరో చెప్పాడు. పోలిబియస్ ఈ సంగతి ఎత్తనేలేదు గనుక చరిత్రకారులకు దీనిపై సందేహముంది. ఆ కథ సైనికుణ్ణి అతిమానవుణ్ణి చేసి, రాజ్యాన్ని ఋణవిముక్తం చేస్తుంది. అందుకే ప్రభుత్వాలకు అది ఇష్టం. 2013లో జరిగినది దానికి తలకిందులు: మాట ఇచ్చినది రాజ్యం, తప్పబోయినదీ రాజ్యమే. తన సైనికులకు న్యాయసహాయం చేయడం, విచారణాధికారం ఎవరిదని వాదించడం ఇటలీ విధి. ఆ వాదం బలమైనదే. సైనికులు రాజ్యాధికారులు గనుక భారత విచారణ నుండి వారికి రక్షణ ఉందని 2020లో హేగ్ మధ్యవర్తిత్వ మండలి తేల్చింది. పడవ సంచార స్వేచ్ఛకు భంగం కలిగించినందుకు ఇటలీ పరిహారమివ్వాలనీ చెప్పింది. 2021లో 10 కోట్ల రూపాయల పరిహారంతో సుప్రీంకోర్టు కేసు మూసివేసింది. అయితే మధ్యలో మాట తప్పాలనుకున్న ఆ పదకొండు రోజుల్లో ఇటలీ వెచ్చించబోయినది తన ప్రతిష్ఠను మాత్రమే కాదు, రెండు మత్స్యకార కుటుంబాలకు రావలసిన విచారణను కూడా. ‘మనవాళ్లు’ అన్న మాట బందీని విడిపించే బలమిస్తుంది; ఆ మాటే మృతులను పరులుగా మార్చే ప్రమాదమూ ఉంది. ఘోషయాత్రలో ఈ ప్రమాదం లేదు: చిత్రసేనుడు అర్జునుని మిత్రుడిగానే బయటపడతాడు.

విడుదలతో ఋణం తీరినట్టు కాదని చెప్పడానికి దుర్యోధనుని ప్రాయోపవేశమే చాలు. ప్యూబ్లో నావికులకు కూడా ఇల్లు చేరగానే విచారణ ఎదురైంది. పోరాడకుండా నౌకను అప్పగించాడని బూకర్‌ను సైనిక న్యాయస్థానం ముందు నిలపాలని 1969లో విచారణ సంఘం సిఫారసు చేసింది. వారు ఇప్పటికే కావలసినంత బాధ అనుభవించారంటూ నౌకాదళ కార్యదర్శి జాన్ చేఫీ అభియోగాలను తోసిపుచ్చాడు. యుద్ధఖైదీల పతకం మాత్రం రాలేదు. ప్రకటిత యుద్ధం లేదు గనుక వారు నిర్బంధితులే తప్ప యుద్ధఖైదీలు కారన్నది అడ్డంకి. యుద్ధఖైదీ అనే పదానికి 1949 నాటి జెనీవా ఒప్పందం అండ ఉంది. నిర్బంధితుడనే పదానికి అంతటి అండ లేదు. చట్టసభ ప్రత్యేకంగా చట్టం చేసిన తరువాత, 1990లో ఆ పతకాలు వారికి అందాయి. నౌక ఇప్పటికీ ప్యాంగ్‌యాంగ్‌లో ప్రదర్శనవస్తువుగా ఉంది.