అరువు పుస్తకం

గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కైనా, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌కైనా జీమ్యాట్ మార్కులొక్కటే పంపితే చాలదు, వ్యాసాలూ రాయాలి. స్టాన్‌ఫర్డ్ ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నల్లో ఒకటి: మీకు అన్నిటికన్నా ముఖ్యమైనదేది, ఎందుకు? హార్వర్డ్ 2024లో పాత వ్యాసం తీసేసి మూడు చిన్నవి పెట్టింది. ఒకటి 300 పదాలు, మిగతా రెండూ 250 చొప్పున. అందులో డప్పు కొట్టుకోవడానికి చోటెక్కడిది?

మా మేనకోడలు మొదటి చిత్తుప్రతిలో ‘నాయకత్వం’ తొమ్మిదిసార్లు వాడింది. "ఇంతకీ ఏం చేశావమ్మా?" అంటే నసిగింది. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. మా బావ కిరాణా కొట్టు అరువు పుస్తకాన్ని ఫోన్లోకి ఎక్కించిందట. పాత ఖాతాదారులు నమ్మలేదు. దాంతో నెలరోజులు కాగితం మీదా ఫోన్లోనూ రెండు లెక్కలూ రాసింది. తేడా వచ్చినప్పుడు, తప్పు తనదైతే వాళ్ల ముందే ఒప్పుకుంది.

"ఇలాంటివి కూడా రాస్తారా మామయ్యా?"

ఇలాంటివే రాయాలి. డబ్బు తీసుకుని రాసిపెట్టేవాళ్ల దగ్గర ఇది దొరకదు.

మళ్లీ రాసింది. ఈసారి నాయకత్వం ఊసే లేదు. కళ్లజోడు సవరించుకుంటూ, ఫోన్లో తన బాకీ తనే చదువుకుంటున్న ఒక తాత ఉన్నాడు.