తక్కెడలో తానే కూర్చున్న వర్తకుడు



దానము వేరు, దాసోహము వేరు. ఈ రెండింటిని ఒక్కటిగా భావించుట మనలో చాలకాలముగా అలవాటైపోయినది. దానము చేయువాడు పై మెట్టున నిలిచి క్రిందికి చేయి చాచును. దాసోహము చేయువాడు తన గడపకు వచ్చినవానినే యజమానిగా నెంచి, తాను సేవకుడై నిలుచును. ‘నేను దాసుడను’ అను అర్థము ఆ మాటలోనే యున్నది గదా! పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బిజ్జలుని భాండారమును చూచుచుండిన బసవేశ్వరుడు తన యింటిని జంగమ దాసోహమునకు నిలయముగా చేసెను. ఆ కథ మనకందరకు తెలిసినదే.

అయితే ఒక సందేహము తరచు వినబడుచుండును. ‘బసవన్న మంత్రి, మహాత్ముడు. మేము ఉప్పు పప్పు అమ్ముకొనువారము. అరువులు రావు, అద్దె ఆగదు. మాకు దాసోహమెట్లు సాధ్యము?’ అని జహీరాబాదులోను, తాండూరులోను, ఆదోనిలోను అంగడి నడుపుకొను మన సోదరులు అడుగుదురు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానముగా ఒక వర్తకుని జీవితమునే స్మరింతము.

కర్ణాటకమున తుమకూరు జిల్లాలో గుబ్బి యను పట్టణము కలదు. నాటకప్రియులకు గుబ్బి వీరణ్ణగారి నాటక కంపెనీ మూలమున ఆ పేరు పరిచితమే. ఆ గుబ్బిలో 1838లో ఒక లింగాయత కుటుంబమున తోటదప్పగారు జన్మించిరి. ఆయన చిన్ననాడే కుటుంబము బెంగళూరునకు తరలివచ్చి, పాతపేటలో మామూలుపేట యను వర్తక వీథిలో వ్యాపారము పెట్టుకొనెను. తోటదప్పగారు రాజ్యములేలినవారు కారు, గ్రంథములు రచించినవారు కారు. బేరము చేసి, లెక్క చూచుకొని, దినము గడుపుకొన్న అంగడివారు.

ఆయనకు సంతానము లేదు. ఈ మాట దగ్గర కొంత ఆగవలసియున్నది. పిల్లలు లేని దంపతులను మన బంధువర్గము ఎట్లు మాటలతో బాధించునో మీరెరుగుదురు. పుత్రుడు లేనివానికి గతి లేదను మాట మన యిండ్లలోను చొరబడినది. అది మన మతమున కెంతమాత్రము సరిపడదు. వీరశైవునకు మరణము లింగైక్యము. ప్రేతత్వము లేదు, పిండము లేదు, తిలోదకము లేదు. కరమునందు ఇష్టలింగమున్నవానికి ఉత్తమగతి నిచ్చుటకు కుమారుడు కావలెనా? ఈ సిద్ధాంతమును మనము పీఠముల నుండి చెప్పుదుము. పెండ్లి పందిట కూర్చున్నప్పుడు మరతుము. తోటదప్పగారు మరువలేదు. వారసుడు లేడని కుమిలిపోక, తన సంపాదనను దారిన పోవువారికిని, చదువుకొను బాలురకును వినియోగింప నిశ్చయించిరి.

1897లో ఆయన బెంగళూరు నగర రైల్వే స్టేషను సమీపమున స్థలము కొనిరి. మరుసటి యేడే, 1898లో, బెంగళూరులో ప్లేగు చెలరేగినది. ఇరుకు వీథుల పేటలలో వేలమంది ప్రాణములు పోయినవి. అట్టి కాలమున ఎంతటి ధైర్యవంతుడైనను మూట బిగించుకొనును. అయినను ఆ సంకల్పము ఆగలేదు. 1903లో మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరువారు ఆ ధర్మఛత్రమును ప్రారంభించిరి.

స్టేషను ప్రక్కనే ఎందులకు? పల్లెనుండి మొట్టమొదటిసారి నగరమునకు వచ్చిన రైతును తలచుకొనుడు. వైద్యమునకో, కచేరిలో వ్యాజ్యమునకో వచ్చి, రాత్రివేళ బండి దిగినాడు. ఎరిగినవారు లేరు, చేతిలో నాలుగు కాసులు. తల దాచుకొనుటకు చూరు, త్రాగుటకు నీరు అతనికి ఆ క్షణమున కైలాసముతో సమానము. జంగమమనగా కదలునది. జంగమమూర్తి సంచరించు శివుడని మన విశ్వాసము. బండి దిగిన ప్రతి బాటసారియు జంగముడేనా యని పండితులు నన్ను నిలదీయవచ్చును. శాస్త్రార్థమున వారిదే పైచేయి కావచ్చు. కాని తలుపు తట్టినవానిలో జంగముని చూడగలిగిన గృహస్థుడు తప్పుదారి పట్టినాడని నేను మాత్రము చెప్పజాలను.

ఆ ఛత్రము అన్ని మతముల ప్రయాణికులకు తెరచియుంచబడినది. దానితోబాటు వీరశైవ విద్యార్థులకు ఉచిత వసతిగృహమును ఏర్పడినది. పల్లెబాలుడు పట్టణమున చదువవలెనన్న బడి జీతముకన్న ముందు కావలసినది పడుకొనుటకు చోటు. ఎందరో తెలివిగల బాలురు ఆ చోటు లేకనే నాగలి పట్టినారు. (నాగలి హీనమైన కాయకమని నా భావము కాదు. ఇష్టపడి పట్టుట వేరు, గతిలేక పట్టుట వేరు.) మన పిల్లలకు వసతి కల్పించుట ఆనాటి అవసరము. నేడు మనము కట్టు వసతిగృహములలో రెండు గదులైనను ఇతర పేదపిల్లలకు ఉంచుట మేలని నా అభిప్రాయము. అనుభవమంటపమున మడివాళ మాచయ్య ప్రక్కన అంబిగర చౌడయ్య కూర్చుండెనని గర్వముగా చెప్పుకొనువారము గదా!

ఇక ముఖ్యమైన విషయమునకు వత్తము. పురాతనులైన అరువదిముగ్గురు భక్తులలో అమరనీతి యొకడు. చోళదేశపు వర్తకుడు. శివభక్తులకు అన్నము పెట్టి, కౌపీనములిచ్చుట అతని వ్రతము. శివుడు బ్రహ్మచారి వేషమున వచ్చి ఒక కౌపీనమును దాచుమని యిచ్చి, దానిని మాయము చేసెను. తిరిగి వచ్చి, ‘నా వద్దనున్న ఈ రెండవదానికి సరితూగు వస్త్రమిమ్ము’ అనెను. తక్కెడ తెచ్చిరి. అంగడిలోని బట్టలన్నియు పెట్టినను ముల్లు కదలలేదు. బంగారము పెట్టినను కదలలేదు. తుదకు అమరనీతి, భార్య, కుమారుడు ముగ్గురును తట్టలోనికెక్కిరి, అప్పుడు తూగినది. వర్తకునకు తక్కెడ తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? సరుకు తూచుట సులభము. తట్టలో తాను కూర్చుండుట కష్టము.

తోటదప్పగారు చివరి దినములలో చేసినది ఇదియే. ఛత్రము కట్టించి తాళపుచెవి మొలకు కట్టుకొనలేదు. తన ఆస్తినంతయు ఒక ధర్మసంస్థకు అప్పగించిరి. దానికి కె. పి. పుట్టణ్ణ శెట్టిగారు మొదటి అధ్యక్షులైరి. బెంగళూరు పురభవనము నేడు ఆయన పేరనే యున్నది. సొమ్మిచ్చుట దాసోహమున సగము. ఇచ్చిన సొమ్ముపై అధికారము విడుచుట మిగిలిన సగము. ఆ రెండవ సగమున మనము తడబడుదుము. మఠమునకు పంకా యిచ్చి దాని రెక్కలపై మూడు తరముల పేర్లు వ్రాయింతుము. అది తిరుగునప్పుడు ఏ పేరును కనబడదు, అది వేరు సంగతి! ‘తోటదప్పగారి పేరును ఛత్రముపై నున్నది గదా’ యని మీరనవచ్చును. ఉన్నది. మైసూరు మహారాజు ‘ధర్మప్రవర్త’ యనియు, ఆంగ్ల ప్రభుత్వము ‘రావ్ బహద్దూర్’ అనియు బిరుదములిచ్చిన మాటయు నిజమే. కాని 1910లో ఆయన లింగైక్యులైన తరువాతను ఆ తలుపులు మూతపడలేదు. పేరు చెక్కిన రాళ్లు మన ఊళ్లలో ఎన్నియో కలవు. వాని వెనుక తాళము వేసిన గదులును కలవు.

తలుపు తెరచియుండుటకు ధనమొక్కటే చాలదు. దినదినము లెక్క వ్రాయువాడు, కప్పు కారినప్పుడు మేస్త్రీని పిలుచువాడు, కొత్తగా వచ్చి రాత్రి ఏడ్చు పిల్లవానిని ఊరడించువాడు కావలెను. వీరికి బిరుదములు రావు. తనువుతో చేయు దాసోహము వీరిది. అంగడి కట్టివేసి రాత్రి తొమ్మిదింటికి మఠము లెక్కలు చూచు సోదరులు మన ఊళ్లలో నేటికిని ఉన్నారు. ధనము లేదని దిగులుపడు వర్తకునకు ఈ ద్వారము ఎన్నడును మూసియుండదు.

అయ్దక్కి మారయ్య కథ నెరుగుదురు గదా! కల్యాణమున రాలిన బియ్యము ఏరితెచ్చుట అతని కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినాడు. భార్య లక్కమ్మ అంగీకరింపలేదు. ఎక్కువైన బియ్యమును తిరిగి అక్కడనే పోసిరమ్మని పంపినది. మన యిండ్లలో ఆ మాట అనగల తల్లులు లేకపోలేదు. అంగడి లాభమును ఇంటికి తెచ్చిననాడు వారినడిగి చూడుడు.

వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి. ఊరేగింపులు, అన్నసంతర్పణలు ఎట్లును జరుగును. ఆ ముందురోజున మాత్రము మీ ఊరి వసతిగృహమునకు పోయి, ఒక రాత్రి పిల్లలతో భోజనము చేసి, అక్కడనే పరుండుడు. కొళాయిలో నీరు వచ్చుచున్నదా, దీపము వెలుగుచున్నదా, చాప చాలినదా చూడుడు. ఉదయమున లెక్కల పుస్తకము తెరిపించుడు.