నా కాళ్ళేవిరా?

హెడ్‌సెట్‌లో చూసే వీడియోలను ఎడిట్ చేస్తానని చెప్పగానే చాలామంది "అంతా మాయే కదండీ" అంటారు. ఈ మాట నాకు తొందరపాటుగా తోస్తుంది. వేదాంతులు భ్రమను రెండుగా విడదీశారు. తాడని తెలిశాక పాము మిగలదు. అది నిరుపాధిక భ్రమ. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. దానికి రంగు లేదని తెలిసినా, పువ్వు అక్కడున్నంతసేపూ ఎరుపు పోదు. అది సోపాధిక భ్రమ. హెడ్‌సెట్‌లో కొండ అంచున నిలబడ్డవాడికి తాను గదిలోనే ఉన్నానని తెలుసు. అయినా మోకాళ్ళు వణుకుతాయి. కాబట్టి ఇది పాము కాదు, మందారం.

నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది: అన్నీ చూసేదాన్ని చూసేదెవరు? 360 డిగ్రీల కెమెరాకు సాధారణంగా వీపుకు వీపు ఆనించినట్టు రెండు ఫిష్ఐ లెన్సులుంటాయి. ఒక్కోటీ సగం కంటే కాస్త ఎక్కువే చూస్తుంది. అంచులు ఒకదాని మీదికి ఒకటి వచ్చిన చోట సాఫ్ట్‌వేర్ స్టిచ్ చేస్తుంది. అలా వచ్చిన గోళాన్ని చదునుగా పరిస్తే ఎత్తుకు రెట్టింపు వెడల్పున్న ఫ్రేము అవుతుంది. 2017లో అడోబ్ సంస్థ స్కైబాక్స్ ప్లగిన్లను కొనుక్కున్నాక, ఆ గోళాన్ని తిప్పడం, వంగిన హొరైజన్ సరిచేయడం దాని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలోనే కుదురుతోంది. అన్ని దిక్కులూ చూసే ఆ కెమెరా తనను తాను చూడలేదు. దాని స్టాండు మాత్రం అడుగున దొరికిపోతుంది. దాన్ని నేలతో కప్పెయ్యడం నా పని.

లేపాక్షి గుడి వీడియోకూ అదే చేశాను. అక్కడి పైకప్పు చిత్రాలను తలెత్తే చూడాలి. టీవీలో చూస్తే ఆ తలెత్తడంలోని వినయం పోతుంది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని మా పెద్దమ్మకు హెడ్‌సెట్ పెట్టాను. పైకి చూసి దణ్ణం పెట్టుకుంది. కాసేపటికి కిందికి చూసి, "నా కాళ్ళేవిరా?" అంది. అక్కడ నేను అతికించిన రాతినేల ఒక్కటే ఉంది.

కాళ్ళు లేవని కంగారుపడింది గాని, తాను లేనని క్షణమైనా అనుకోలేదు. రూపాన్ని కన్ను చూస్తుంది, కన్నును మనసు, మనసును సాక్షి. సాక్షిని చూసేది మరొకటి లేదంటుంది దృగ్దృశ్యవివేకం అనే వేదాంత గ్రంథం. ఆ వరుసలో కెమెరా కన్ను దగ్గరే ఆగిపోతుంది. దణ్ణం పెట్టింది కెమెరా కాదు, పెద్దమ్మ. ఇదే ఆత్మకు రుజువని నేననను. కుర్చీ ఆమె వీపుకు తగులుతూనే ఉంది. బౌద్ధులైతే ఆ 'నేను' కూడా స్పర్శలూ జ్ఞాపకాలూ కలిసిన పోగేనంటారు, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ కంటి ముందు నుంచి ఒళ్ళు మాయమైనా ఆమె భక్తి చెదరలేదు. అది నేను చూశాను.

స్టాండు ఉన్నచోట తమ లోగో పెట్టమని అడిగేవాళ్ళుంటారు. ఈ రంగంలో అది మామూలే. గుడి వీడియోలకు మాత్రం నేను ఒప్పుకోను. కిందికి చూసేవాళ్ళు అక్కడ తమను వెతుక్కుంటారు, ఇంకెవరి పేరూ వాళ్ళకు ఎదురుపడకూడదు. రాతి అతుకులు పక్క బండలతో కలిసేలా, స్తంభం నీడ తెగిపోకుండా చూసుకుని, అక్కడ నేలే వేస్తాను.