ముష్టిగింజ చెప్పే ధర్మం

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మీదుగా సలేశ్వరం జాతరకు సాగే యాత్రికులు నల్లమల అడవిలో ప్రవేశిస్తారు. చైత్ర పౌర్ణమి నాటి ఈ జాతర చెంచుల పండుగ. కృష్ణకు ఆవలి ఒడ్డున, అదే నల్లమలలో, అహోబల క్షేత్రం ఉన్నది. అక్కడి నృసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టినందున చెంచులు ఆయనను తమ అల్లునిగా భావిస్తారు. పరమేశ్వరునికీ, పరంధామునికీ సమానంగా చోటిచ్చిన ఆ అడవిలో రెండు చెట్లు గలవు. వాటిని గమనించిన వారికి ఒక ధర్మసూక్ష్మం బోధపడుతుంది.

మొదటిది ముష్టి చెట్టు. దీనినే విషముష్టి అని కూడా అంటారు. ఆకుపచ్చ కలిసిన తెల్లని చిన్న పూలు పూస్తుంది. పండు నారింజ వలె ముచ్చటగా ఉంటుంది. లోపలి గింజ బిళ్ళ వలె ఉంటుంది. ఆ గింజలోని స్ట్రిక్నిన్ అనే విషం శరీరంలో చేరితే కండరాలు బిగుసుకొని, చివరకు ఊపిరి నిలిచిపోతుంది. రెండవది చిల్లచెట్టు. దాని గింజను కుండలో అరగదీస్తే బురదనీరు తేరుకుంటుంది. వృక్షశాస్త్రం ఈ రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చింది. ప్రాణం తీసేదీ, దాహం తీర్చేదీ తోబుట్టువులే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుండి కొంటూ వచ్చిన అటవీ ఫలసాయంలో ఈ రెండు గింజలూ ఉన్నాయి.

పాలకడలిని చిలికినప్పుడు హాలాహలం పుట్టింది. అమృతకలశంతో విష్ణ్వంశ సంభూతుడైన ధన్వంతరీ అవతరించాడు. కనుక విషం పుట్టిన చోటును ద్వేషించడం వివేకం కాదు. విషాన్ని ఔషధంగా మార్చేది ఏది? ఇదే విచారించదగిన ప్రశ్న.

ఆయుర్వేదం శోధన అని సమాధానమిచ్చింది. ముష్టిగింజను ఆవుపాలలో ఉడికించి, పైపొరను తీసివేసి, శుద్ధి చేసిన పిమ్మటనే వైద్యుడు మితంగా వాడతాడు. జర్మను వైద్యుడు హానిమన్ వేరొక మార్గం చెప్పాడు. ఏ పదార్థం ఏ లక్షణాలను కలిగిస్తుందో, అత్యల్ప మాత్రలో అదే వాటిని పోగొడుతుందని ఆయన 1810లో వెలువరించిన ‘ఆర్గనాన్’ సిద్ధాంతం. ముష్టిగింజ నుండి తయారైన ‘నక్స్ వామికా’ను అజీర్ణానికీ, మలబద్ధానికీ, నిద్రలేమికీ హోమియో వైద్యులు ఇస్తారు. గుడివాడలో 1945లోనే హోమియో కళాశాల వెలసింది. తెలుగునాట ఎన్నో ఇండ్లలో ఈ తెల్లని గుళికల సీసాలు కనిపిస్తాయి.

ఈ మందు తయారీలో ఒక పాలు సారానికి తొంభైతొమ్మిది పాళ్ళ ద్రవం చేర్చి కుదుపుతారు. ముప్పది మార్లు ఇట్లే చేసినది ముప్పయ్యవ పొటెన్సీ. పన్నెండవ మారు దాటేసరికే మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం దుర్లభమని రసాయనశాస్త్రపు లెక్క. తొలి మెట్లలోని మందులో మాత్రం విషం ఉంటుంది గనుక దానిని తేలికగా తీసుకోరాదు. కుదుపు వలన శక్తి మేల్కొంటుందని హోమియో వైద్యుల విశ్వాసం. అయితే ఏ వ్యాధికైనా ఈ వైద్యం పనిచేస్తుందనుటకు నమ్మదగిన ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధనా మండలి తేల్చింది.

ఇక్కడ భక్తునికి ఒక సందేహం కలుగవచ్చు. భగవన్నామం తరింపజేయగా, మందు పేరు మాత్రం ఎందుకు పనిచేయదు? చిల్లగింజ పేరు పలికినంత మాత్రాన నీరు తేరుకోదని మనుస్మృతి ఏనాడో హెచ్చరించింది. గింజను అరగదీయవలసిందే. భగవంతునికీ ఆయన నామానికీ భేదం లేదని పెద్దలు చెప్పారు; గింజకూ దాని పేరుకూ భేదం ఉన్నది. దేవునియందు ఉంచవలసిన విశ్వాసాన్ని సీసాపై చీటీకి ఇచ్చుట భక్తి కాదు, పొరపాటు.

ప్రహ్లాదుడు విషాన్ని జీర్ణించుకొనలేదా అని అడుగవచ్చు. ఆ విషం అతనికి బలవంతంగా ఇచ్చినది. స్వామిని పరీక్షించడానికి అతడు దానిని కోరి త్రాగలేదు. తన విశ్వాసానికి మరొకరి ప్రాణాన్ని పణంగా ఒడ్డలేదు. గృహస్థుడు గుర్తుంచుకొనవలసినది ఇదే. కడుపుబ్బరానికి గుళిక వేసుకొనుట తన ఇష్టం. కానీ బిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు, వృద్ధురాలైన తల్లికి గుండెనొప్పి వచ్చినప్పుడు, ఇంట ఎవరైనా విషపు గింజ మింగినప్పుడు గుళికలతో కాలక్షేపం చేయుట అధర్మం. అక్కడ జారిపోయే ప్రతి నిమిషమూ మరొకరి ఆయుర్దాయం. హరినామాన్ని స్మరిస్తూనే ఆసుపత్రికి పరుగెత్తాలి. శరణాగతి కర్తవ్యాన్ని మాన్పదు. కర్తవ్యంలోని అహంకారాన్ని మాన్పుతుంది.

ఒకే అడవిలో ముష్టినీ చిల్లనూ మొలిపించిన శ్రీమన్నారాయణుడే వాటిని వేరుచేసి చూడగల బుద్ధిని మానవునికి ప్రసాదించాడు. ఆ బుద్ధిని వినియోగించి సాటి ప్రాణిని కాపాడుట కూడ ఆయన కైంకర్యమే.