పుట్టింటి చీరకు వంక పెట్టగలమా?

అడిగితే చెబుతారు కదా అంటారు. నిజమే, అడిగితే ఏదో ఒకటి చెబుతారు. ఆ చెప్పేది మాత్రం ఎవరు అడిగారు, ఎవరి ముందు అడిగారు, బాగాలేదంటే ఏమవుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక వస్తువును వాడే మనిషి అభిప్రాయం సేకరించడం ఇవాళ ఒక వృత్తి. ప్రశ్నను ఎలా అడగాలో ఆ వృత్తి నేర్పుతుంది. కానీ వద్దనే హక్కు లేని మనిషిని నచ్చిందా అని అడగడం న్యాయమేనా? బతుకమ్మ చీరల గురించి ఆలోచిస్తున్నప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే ఎదురవుతుంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం పండక్కి రేషన్ కార్డున్న కుటుంబాల్లో పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళందరికీ చీరలు పంచడం మొదలుపెట్టింది. కోటి దాకా చీరలు. సిరిసిల్ల సాంచాలకు పని దొరకడం రెండో ఉద్దేశం. అప్పుల పాలై నేతకార్మికులు ప్రాణాలు తీసుకున్న ఊరది, కాబట్టి అది చిన్న ఉద్దేశమేమీ కాదు. అయితే ఆ మొదటి ఏడు సిరిసిల్ల ఒక్కటే అన్ని చీరలు నేయలేకపోయింది. చాలా చీరలు సూరత్ నించి వచ్చాయి. చేనేత చీర వస్తుందని ఎదురుచూసిన ఆడవాళ్ళ చేతికి పల్చటి సింథటిక్ చీర అందింది. కొన్ని ఊళ్ళలో వాటిని రోడ్డు మీద కుప్ప పోసి కాల్చారు. ఇది ప్రతిపక్షాల పని అన్నారు పాలకులు. ఉత్తగా ఇచ్చినదాన్ని కాలుస్తారా అని చదువుకున్నవాళ్ళు కూడా నొచ్చుకున్నారు.

ఆ మంట వెనక ఎవరున్నా, అందులో ఒక నిజమైన జవాబు కూడా ఉందని నేననుకుంటాను. చీరలు పంచే చోట, అధికారులు నిలబడి ఉండగా, చీర ఎట్లుందని అడిగితే "మంచిగనే ఉంది" అన్న మాటే వస్తుంది. రేపటి బియ్యమూ, పింఛనూ ఆ చేతుల మీదుగానే రావాలి. అది అభిప్రాయం కాదు, జాగ్రత్త.

దానికి తోడు ఆ చీరను కానుక అన్నారు, ఆడబిడ్డలకు సర్కారు పెడుతున్న సారె అన్నారు. పుట్టింటి చీరకు వంక పెట్టిన ఆడపిల్లను మన ఇళ్ళల్లో ఎంతమందిని చూశాం? రంగు వెలిసినా అత్తింట్లో దాన్ని మెచ్చుకునే తీరాలి. దాని పరువులోనే ఆమె పరువుంది. పన్నుల డబ్బుతో కొన్న చీరకు సారె అని పేరు పెట్టగానే పౌరురాలు ఆడబిడ్డ అయిపోతుంది. పౌరురాలు ఫిర్యాదు చేయొచ్చు. ఆడబిడ్డకు కృతజ్ఞత ఒక్కటే మిగులుతుంది.

తర్వాతి ఏళ్ళలో కొంత విన్నారు. రంగులు, డిజైన్లు పెరిగాయి. ఉత్తర తెలంగాణ ముసలివాళ్ళ కోసం తొమ్మిది మీటర్ల చీరలు నేయించారు. గోచి పెట్టి కట్టుకునేవాళ్ళకు మామూలు పొడుగు చాలదు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. కానీ రంగు నచ్చిందా, అంచు నచ్చిందా అని రాసుకుపోయిన కాగితంలో దానికి చోటుండదు. ఎట్లా కట్టుకుంటావు, ఏ పనికి వెళ్ళేటప్పుడు కట్టుకుంటావు, కట్టకపోతే దాన్నేం చేశావు అని అడిగితే బయటికొస్తుంది. అడవిపందులు రాకుండా చేను చుట్టూ కట్టిన బతుకమ్మ చీర ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు.

ఇట్లా వినడం మనకు కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళు పోరాటం గురించే కాదు, పార్టీ తమను ఎట్లా చూసిందో కూడా చెప్పారు. ఫలానా జవాబు కావాలని వెళ్ళినవాళ్ళకు ఆ మాటలు దొరికేవి కావు.

ఇక్కడ ఒక చిక్కుంది. సిరిసిల్లలో సాంచా నడిపేది ఎక్కువగా మగవాళ్ళు. కండెలు చుట్టేది, బీడీలు చేసేది ఆడవాళ్ళు. చీర బాగాలేదంటే సిరిసిల్ల పొట్ట కొట్టినట్టేనంటారు. అంటే ఒక ఆడదాని కూలిని చూపించి ఇంకొక ఆడదాని నోరు మూయించడం. కండెలు చుట్టే మనిషికి ఆ దారం సంగతి అందరికంటే ఎక్కువ తెలుసు. ఆమెను మాత్రం చీర గురించీ అడగరు, కూలి గురించీ అడగరు.

2023 చివర ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగిపోయింది. 2025 నవంబర్‌లో ఇందిరమ్మ చీరలు వచ్చాయి. సారె పోయి అమ్మ పేరు వచ్చింది. పుట్టిల్లు మాత్రం అట్లాగే ఉంది.

ప్రశ్నలు ఎంత చక్కగా రాసుకున్నా ఇది తీరదు. నాలుగు రకాల్లోంచి ఒకటి ఏరుకునే వీలు, నచ్చకపోతే తిరిగిచ్చి ఇంకొకటి తీసుకునే వీలు ముందు ఉండాలి. ఎన్ని చీరలు వెనక్కి వచ్చాయో లెక్క చూసుకుని, తిరిగిచ్చిన ఆమె పక్కన తీరిగ్గా కూచుని ఎందుకని అడగాలి. వద్దు అన్నా ఏమీ కాదని తెలిసిన మనిషి నోటినించి వచ్చినప్పుడే "మంచిగుంది" అన్న మాటకు విలువ.