“తరువాత రా” అను మాట

చదువవలసిన భాగములు: మార్కు 5:21–43, సామెతలు 3:27, 28



పిల్లలను బోర్డింగు బడులకు పంపిన తలిదండ్రులు మన గ్రామసంఘములలో అనేకులున్నారు. ట్రంకు పెట్టె, దుప్పటి, పచ్చడి సీసా, బైబిలు, పాటల పుస్తకము సర్ది, బిడ్డను బస్సు ఎక్కించి, కన్నులు తుడుచుకొనుచు ఇంటికి తిరిగి వచ్చినవారు మీరు. ఈ నెల ఆ బోర్డింగు జీవితమునుండి ఒక ప్రశ్న తీసి మీ యెదుట ఉంచగోరుచున్నాము. ఇది పిల్లలకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. వార్డెనుకును, సంఘపెద్దకును, ఇల్లాలికిని, సంఘకాపరికిని చెందినది.

ప్రశ్న ఇది: మనుష్యుడు మంచి పనులతో చేతులు నిండియుండగా, ఆ తొందరలో మరియొక మేలు చేయక విడిచినయెడల అది దోషమగునా? సోమరి చేయనిదానికి లెక్క చెప్పవలెనని అందరమును ఒప్పుకొందుము. అయితే ఊపిరి తిరుగనంత పనిలో నున్నవాడును చేయనిదానికి లెక్క చెప్పవలెనా?

మేము పుస్తకములలో చదివి ఈ ప్రశ్న అడుగుట లేదు. 1990 దశకములో మేము ఒక మిషను బోర్డింగులో పదియవ తరగతి చదువుచుంటిమి. ఆ బడి పేరు ఇచ్చట చెప్పము. దానికి మేము రుణపడియున్నాము. తెల్లవారుజామున అయిదు గంటలకు గంట కొట్టుదురు. ప్రార్థన, ఊడ్చుట, తోటకు నీళ్లు పెట్టుట, బావియొద్ద స్నానము, గంజి, బడి, ఆటలు, సాయంకాల ప్రార్థన, రాత్రి చదువు. తొమ్మిదిన్నరకు దీపములు ఆర్పుదురు. ఈ క్రమములో పెరిగినవారు మీలో ఎందరో యున్నారు గనుక ఎక్కువ వ్రాయనక్కరలేదు.

మేము ఆ సంవత్సరము మానిటరుగా నుంటిమి. పెద్ద పిల్లలకు చిన్న పిల్లల బాధ్యత నప్పగించు ఈ వాడుక ఇంగ్లండులోని బోర్డింగు బడులలో ఎంతో కాలముగా నున్నదే. 1828 మొదలు 1842వరకు రగ్బీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నున్న తామస్ ఆర్నల్డుగారు పై తరగతివారిమీద ఈ భారమును ప్రత్యేకముగా నుంచిరి. అధికారము చేయుటకు గాక, చిన్నవారిని కాచుటకు పెద్దవారు నేర్చుకొనవలెనని ఆయన కోరెను. కోరిక మంచిది. మా చేతిలో అది ఏమాయెనో వినుడి.

ఆ సంవత్సరము మా బడికి జూబిలీ. ఆగస్టు పదునైదవ తేదీ డ్రిల్లు మొదలుకొని క్రిస్మసువరకు ఒక్క వారమైనను ఖాళీ లేదు. ఆటల పోటీలు, పాటల పోటీలు, బైబిలు పరీక్ష, పంట పండుగ, బాలల దినోత్సవము. వీటన్నిటికిని పైన జూబిలీ నాటకము. జాబితాలు మా చేతిలోనే యుండెను. ఎవరు ఏ వరుసలో నిలువవలెను, ఎవరికి తెల్ల చొక్కా లేదు, ఎవరు పాట తప్పుచున్నారు, ఇవన్నియు మాకు తెలియును. మేము ఎంతో పనికివచ్చు వారమని మాకే తోచుచుండెను.

ఆరవ తరగతిలో ఒక చిన్నవాడుండెను. నాటకములో గొఱ్ఱెలకాపరి పిల్లవాని వేషము వానిది. పండుగ పది దినములున్నదనగా వాడు ఒక పోస్టుకార్డు పట్టుకొని, “అన్నా, ఒక మాట” అని వచ్చెను. మేము డ్రిల్లు వరుసలు సరిచేయుచుంటిమి. “తరువాత రారా” అంటిమి. మరునాడు రిహార్సలు నడుమ మరల వచ్చెను. “చూచుచున్నావు గదా, తరువాత రా” అంటిమి. మూడవమారు వాడు మాటలాడలేదు. కార్డు మా చేతిలో పెట్టి నిలువబడెను. మేము దానిని మడచి జాబితాల నోటుపుస్తకములో పెట్టుకొని, “సరే, వార్డెనుగారితో చెప్పెదను, పో” అంటిమి. చెప్పలేదు. చెప్పకూడదని కాదు, మరచితిమి.

పండుగ బహు చక్కగా జరిగెను. వచ్చిన పెద్దలు మెచ్చుకొనిరి. ఆ చిన్నవాడు గొఱ్ఱెపిల్లను ఎత్తుకొని తన మాట తప్పకుండ చెప్పెను. మూడవ దినమున వాని మేనమామ వచ్చెను. తల్లిని మట్టిచేసిన తరువాత బయలుదేరి వచ్చెను. జ్వరములో ఆమె పిల్లవాని నొకసారి చూడవలెనని అడిగినదట. అందుకే కార్డు వ్రాయించినదట. మేము నోటుపుస్తకము తెరచితిమి. కార్డు అచ్చటనే యుండెను.

పెట్టె సర్దుకొనుచున్న ఆ పిల్లవానియొద్దకు పోయి నిలువబడితిమి. నోట మాట రాలేదు. వాడే మమ్మును చూచి, “నువ్వు చాలా పనిలో ఉన్నావు గదన్నా” అనెను. వాడు మమ్మును నిందింపలేదు. మా పక్షమున వాడే సమాధానము చెప్పెను. ఆ మాట నేటివరకు మాతో నున్నది.

మేము గురుపట్టము పొందిన సంవత్సరమున వానిని వెదకి క్షమాపణ అడిగితిమి. వాడు క్షమించెను. అయితే క్షమాపణ దొరకినంత మాత్రమున ప్రశ్న తీరలేదు. మేము చేసిన తప్పు ఏది? దొంగిలింపలేదు, కొట్టలేదు, అబద్ధమాడలేదు. చేసినవన్నియు మంచి పనులే; అందులో కొన్ని దేవుని స్తోత్రముకొరకైనవి కూడ.

కొందరు ఇట్లనవచ్చును: “అది తప్పు కాదు, మరపు మాత్రమే. మనసులో చెడు లేదు గనుక దోషమును లేదు.” ఈ మాట వినుటకు హాయిగా నుండును. కాని సామెతల గ్రంథకర్త దీనిని ఒప్పుకొనడు. ఇచ్చుటకు నీయొద్ద ఉన్నప్పుడు పొరుగువానితో రేపు రమ్మని చెప్పకూడదని ఆయన బోధించుచున్నాడు. లేదని చెప్పుటను గూర్చి కాదు, రేపు అని చెప్పుటను గూర్చియే అచ్చట మాట. వార్డెనుగారి గది మా ఆటస్థలమునకు నలువది అడుగుల దూరములో నుండెను. మాయొద్ద ఇచ్చుటకు ఆ నలువది అడుగులు ఉండెను.

మరికొందరు, “తప్పు ఆ టర్ముది. పోటీలు, పండుగలు తీసివేయుడి, పిల్లలకు చదువు చాలును” అందురు. దీనిలో కొంత న్యాయమున్నది. జర్మనీలో 1920లో సాలెం బడిని, స్కాట్లండులో 1934లో గోర్డన్‌స్టన్ బడిని స్థాపించిన కుర్ట్ హాన్‌గారు తన బడులకు ఏర్పరచిన నియమములలో మౌనమునకు సమయము ఉంచవలెనని యొకటి, ఆటలు ముఖ్యమే గాని అవే సమస్తము కాకూడదని యొకటి చేర్చెను. నిశ్శబ్దము లేని దినములో పిల్లవాడు తన మనసు తాను వినలేడు. అయినను పండుగలన్నియు తీసివేయుట మందు కాదు. నలుగురిలో నోరు తెరచుట మాకు ఆ నాటకములలోనే అలవడెను. వరుసలో నిలుచుట, ఓడినప్పుడు నవ్వుట, ఇతరుల పెట్టె మోయుట అక్కడనే నేర్చితిమి. ఏ పనియు లేని సెలవులలో మేము ఇంట ఎక్కువ దయగలవారమై యుంటిమని చెప్పలేము. పనిలేమి దయను పుట్టింపదు.

అయితే తొందర దయను చంపునా? దీనిని పరీక్షించినవారున్నారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత పాఠశాలలో నలుబదిమంది విద్యార్థులతో డార్లీ, బాట్సన్ అను ఇద్దరు ఒక ప్రయోగము చేసి 1973లో ప్రకటించిరి. ప్రతి విద్యార్థియు పక్క భవనమునకు పోయి చిన్న ప్రసంగము చేయవలెను. కొందరికి ఇచ్చిన అంశము మంచి సమరయుని ఉపమానమే. దారిలో ఒక మనిషి గుమ్మమున కూలబడి దగ్గుచు మూల్గుచుండునట్లు ఏర్పాటు చేసిరి. తొందర లేనివారిలో నూటికి 63 మంది చొప్పున ఆగి సహాయము చేయగోరిరి. ఆలస్యమైనదని తొందరపెట్టబడినవారిలో నూటికి 10 మంది చొప్పున మాత్రమే ఆగిరి. సమరయునిగూర్చి ప్రసంగింపబోవుటవలన చెప్పుకొనదగిన తేడా కలుగలేదు. ఆ ప్రసంగమునకే పోవుచు ఆ మనిషిని దాటుకొని నడిచినవారును ఉండిరి.

ఇది చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. ఆ విద్యార్థులు కఠినహృదయులు కారు. సేవకు తమ్మును తాము అప్పగించుకొన్నవారు. వారి కన్నులు తమకంటె ముందుగా ఆ భవనములో ప్రవేశించెను. కాళ్లు వాటి వెంట నడిచెను. మా నోటుపుస్తకముకూడ అట్టిదే. ఎరికో దారిలో పక్కగా పోయిన యాజకుడును లేవీయుడును ఏ పనిమీద పోవుచుండిరో ప్రభువు చెప్పలేదు. మంచి పనిమీదనే యుండవచ్చును.

ఇప్పుడు ప్రభువునే చూడుడి. ఆయన దినములు ఖాళీగా నుండెనా? కపెర్నహూములో ప్రొద్దుక్రుంకిన తరువాత పట్టణమంతయు వాకిట కూడెను. భోజనమునకైనను శిష్యులకు తీరిక లేకుండెను. మన బోర్డింగు టర్ముకంటె ఆ గలిలయ టర్ము తక్కువది కాదు. అయినను యాయీరు ఇంటికి పోవునప్పుడు జరిగినది గమనించుడి. పండ్రెండేండ్ల బాలిక చావబోవుచున్నది. అంతకంటె తొందరపని ఏముండును? ఆ తొందరలో పండ్రెండేండ్ల రోగము గల యొక స్త్రీ వెనుకనుండి ఆయన వస్త్రము ముట్టెను. ఆయన నిలువబడెను. ఎవరు ముట్టిరని అడిగి, చుట్టు చూచి, ఆమె సంగతియంతయు వినెను. శిష్యులకు అది వింతగా తోచెను. యాయీరునకు ఎట్లుండెనో తండ్రులైనవారు ఊహించుకొనగలరు. ఆయన ఇంక మాటలాడుచుండగనే బాలిక చనిపోయెనను వార్త వచ్చెను.

ఆగుటకు వెల లేదని ఎవరును అనుకొనకూడదు. ఆగినయెడల నాటకములో ఒక వరుస తప్పును. ఒక పాట సరిగా రాదు. వచ్చిన పెద్దలు కొంచెము తక్కువ మెచ్చుకొందురు. మనము చనిపోయినవారిని లేపు ప్రభువులము కాము గనుక ఆ నష్టము నష్టముగానే మిగులును. అయితే ప్రభువు యాయీరు ఇంటికి పోవుట మానలేదు. ఆగి, విని, మరల నడిచెను. ఆయన పని ఒక మనిషికొరకు ఆగగలిగినది. మా పని ఆగలేనిదాయెను. భేదమంతయు ఇచ్చటనే యున్నదని మేము తలంచుచున్నాము. పని ఎక్కువగుట దోషము కాదు. ఒక చిన్నవాడు కార్డు పట్టుకొని నిలిచినప్పుడు ఆగలేని పని, ఎంత పరిశుద్ధమైన పేరు పెట్టుకొన్నను, దేవుని పని అను పేరునకు తగదు. గనుక మా ప్రశ్నకు మేము చెప్పుకొన్న జవాబు ఇది: అవును, అది దోషమే. తీరిక లేదనుట దానిని వివరించును గాని కొట్టివేయదు.

“ప్రతి పిల్లవాని మాటకు ఆగినయెడల బడి నడుచునా?” అని వార్డెనుగారు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నూరు అడుగుటలలో తొంబది సబ్బుబిళ్లకో, పోయిన పెన్నుకో సంబంధించినవి. ఏది తల్లి కార్డో వినకమునుపు తెలియదు. దీనికి అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో ఒక దారియున్నది. శిష్యులు విస్తరించుచున్న దినములలో, అనగా సంఘము మిక్కిలి తీరికలేక మంచి పనులలో నున్న దినములలోనే, కొందరు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూడబడిరి. అపొస్తలులు వారిని తరువాత రమ్మనలేదు. వాక్యపరిచర్యను మానుకొనను లేదు. ఆ పనికొరకే ఏడుగురిని ఏర్పరచిరి.

కాబట్టి బోర్డింగులు నడుపు సహోదరులతో మా మనవి యిది. పండుగకు నూరుమందికి నూరు పనులు పంచునప్పుడు, పండుగ పని ఏమియు లేని యొక మనిషిని కూడ నియమించుడి. సాయంకాలము ఒక గంట ఆయన గుమ్మమున కూర్చుండవలెను. ఏ చిన్నవాడైనను వచ్చి మాటలాడవచ్చును. వారమున కొక సాయంకాలము రిహార్సలు లేకుండ ఉంచుడి. ఇంటినుండి వచ్చిన ఉత్తరము చదివించుకొనకుండ ఏ పిల్లవాడును నిద్రపోకుండ చూడుడి. నేడు ఉత్తరమునకు బదులు ఫోను వచ్చియుండవచ్చును. వినువాడు లేనియెడల ఫోనును నోటుపుస్తకములో మడచిన కార్డే.

తలిదండ్రులారా, మీ పిల్లలు మిషను బోర్డింగులలోనేగాక ప్రభుత్వ గురుకులములలోను చదువుచున్నారు. అప్పటి నల్గొండ జిల్లాలోని సర్వేలులో 1971లో గురుకుల పాఠశాల ప్రారంభమైన నాటినుండి అట్టి బడులు ఎన్నో వెలసినవి. మీరు చూచుటకు పోయినప్పుడు, “ఏ ప్రైజు వచ్చెను?” అని మొదట అడుగకుడి. “నీ మాట వినువారు అక్కడ ఎవరున్నారు?” అని అడుగుడి. జవాబు చెప్పుటకు బిడ్డ తడుముకొనినయెడల, మీరే కొంతసేపు కూర్చుండుడి. తిరుగు బస్సు ఒకటి పోయినను ఫరవాలేదు.

మా మాట చివర చెప్పుకొందుము. క్రిస్మసు నెలలో సంఘకాపరి చేతిలోను జాబితాలుండును: ఇంటింటి పాటలు, పిల్లల నాటకము, చందాలు, మందిరమునకు సున్నము. ఆ నెలలో ఎవరైనను, “అయ్యగారూ, ఒక మాట” అని గుమ్మమున నిలిచినప్పుడు, “తరువాత” అను మాట ఇప్పటికిని మా నాలుకమీదికి వచ్చుచున్నది. అప్పుడు ఆ చిన్నవాని మాట జ్ఞాపకము వచ్చును. నోటుపుస్తకము మూసి కూర్చుందుము. ప్రతిమారు అట్లు చేయుచున్నామని చెప్పజాలము. మీరు వచ్చినప్పుడు మేము తొందరలో నున్నయెడల మొగమాటపడి తిరిగిపోకుడి, మరల పిలువుడి.

ప్రార్థన: నడిచిపోవుచు నిలువబడిన ప్రభువా, నీ పేరట మేము చేయు పనుల క్రింద ఏ చిన్నవాని మాటయు నలిగిపోకుండ మాకు చెవులు దయచేయుము. మేము విననివారిని నీవు వినుము, మమ్మును క్షమించుము. ఆమేన్.